కొలత కూడు – వేట వాటా : కలకడ సీమ నేపథ్యంలో పెంపుడు కుక్క ఆహారచరిత్ర

వ్యాస సంగ్రహం

పచ్చిమాంసం, ఎముకలే పెంపుడు కుక్కకు సహజాహారమని, పూర్వకాలంలో అది తిన్నది అదేనని వాదించే ధోరణి 1990ల నుండి అనేక దేశాల్లో బలపడింది. ఈ వాదం చరిత్రను తనకు సాక్షిగా నిలుపుకుంటుంది. కనుక దాన్ని చరిత్రాధారాలతో పరీక్షించవలసి ఉంది. కౌటిలీయార్థశాస్త్రం, స్మృతులు, దక్షిణభారత శాసనాలు, తెలుగు కావ్యాలు, నిఘంటువుల సాక్ష్యాన్ని కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వ్యావసాయిక, పశుపాలక నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కుక్కకు దక్కిన ఆహారం రెండు విధాలని, నిత్యం కొలిచి పెట్టే గింజ కూడు వేరని, వేటలో దొరికే పచ్చి వాటా వేరని ఇది ప్రతిపాదిస్తుంది. వేట అంతరించాక పచ్చి వాటా కబేళా వ్యర్థంగా మారిన తీరును, ఆ మార్పు గొర్రెల సీమలో నీటితిత్తుల వ్యాధికి దారి ఇచ్చే విధానాన్ని చివరి భాగం వివరిస్తుంది.

కీలకపదాలు: కలకడ, వైదుంబులు, జాగిలం, వీరగల్లు, ఆతకూరు శాసనం, అర్థశాస్త్రం, రాగి సంగటి, పచ్చిమాంసం, నీటితిత్తుల వ్యాధి.

1. ఉపోద్ఘాతం

ఆహారచరిత్ర రచనలో మనిషి కంచానికి దక్కిన స్థానం పశువుల తొట్టికి దక్కలేదు. ఎడ్ల మేత గురించి, గుర్రాల దాణా గురించి రాజ్యవ్యవస్థతో ముడిపడినంత మేరకు కొంత రాశారు. ఇంటి ముంగిట పడుకునే కుక్క ఏమి తిన్నదన్న ప్రశ్నను మాత్రం చరిత్రకారులు అరుదుగానే పట్టించుకున్నారు. కుక్కకు పెట్టేది మిగులు కనుక అది పద్దులకు ఎక్కదు. పద్దులకు ఎక్కనిది చరిత్రకు అందడం కష్టం.

ఈ ప్రశ్నకు ఇప్పుడు కొత్త అవసరం కలిగింది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో ప్రచురించిన గ్రంథంతో పచ్చిమాంసం, పచ్చి ఎముకల ఆహారపద్ధతి ఒక ఉద్యమంగా రూపుదిద్దుకుంది. అదే దేశానికి చెందిన టామ్ లాన్స్‌డేల్ 2001లో వెలువరించిన పుస్తకం దానికి మరింత ప్రచారం తెచ్చింది. తోడేలు సంతతి అయిన కుక్కకు గింజ ధాన్యం పెట్టడం ఆధునిక పరిశ్రమ చేసిన వికృతి అని, పచ్చిమాంసానికి మరలడమంటే మూలానికి మరలడమని ఈ వాదం సారాంశం. తెలుగు పట్టణాల్లో జాతికుక్కల పెంపకం పెరిగిన కొద్దీ ఈ మాట ఇక్కడా వినిపిస్తోంది. మన పూర్వులు కుక్కలకు మాంసమే వేసేవారన్న నమ్మకం దానికి తోడవుతోంది.

ఇందులో రెండు అంశాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. దాన్ని తేల్చవలసింది పశువైద్యశాస్త్రం. రెండవది పూర్వం ఏమి జరిగిందన్న ప్రశ్న. ఈ వ్యాసం ప్రధానంగా రెండవదానికే పరిమితమవుతుంది. ఆ సమాధానం మొదటి ప్రశ్నపై ప్రసరించే వెలుగును చివర సూచిస్తుంది.

2. కలకడ సీమ: నేల, మంద, వేట

పీలేరు – రాయచోటి దారిలో ఉన్న కలకడ నేడు ఒక మండల కేంద్రం. వైదుంబుల చరిత్రలో మాత్రం దీనికి పెద్ద స్థానం ఉంది. రేనాటి సీమను ఏలిన ఈ వంశానికి మదనపల్లె సమీపంలోని చిప్పిలి, కలకడ కేంద్రాలుగా ఉండేవని చరిత్రకారులు గుర్తించారు. బాణులు, పశ్చిమగాంగులు, నొళంబులు, తర్వాత చోళులు, రాష్ట్రకూటులు ఈ ఎగువసీమ కోసం పెనుగులాడారు. ఆ పోరాటాల్లో పడిన వీరుల స్మృతిశిలలు ఈ ప్రాంతమంతటా కనిపిస్తాయి. తూర్పుగాంగ వజ్రహస్తుని తల్లి వినయమహాదేవి వైదుంబ కుటుంబపు ఆడపడుచు కావడం ఈ వంశప్రతిష్ఠకు మరో నిదర్శనం. పాలనాపరంగా మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉండేవి. పుంగనూరు జమీందారీ ఉత్తరార్కాటు జిల్లాకు చెందినది.

ఇది ప్రధానంగా వర్షాధారపు మెట్టసీమ. రాగి ఇక్కడి ముఖ్యాహారం. సంగటి, అంబలి ఇంటింటి వంట. చెరువుల కింద వరి పండినా, బీదసాదల కంచంలో వరి అన్నం పండుగనాటి విశేషంగానే చాలాకాలం కొనసాగింది. కొండలు, గుట్టలు, బీళ్లు విస్తారంగా ఉండడంతో గొర్రెలు, మేకల పెంపకం వ్యవసాయానికి సమాంతరంగా వర్ధిల్లింది. గొల్లలు, కురుబలు మందలను బీళ్ల వెంట తిప్పేవారు. రాత్రిపూట పొలాల్లో మంద నిలిపి ఎరువు ఇచ్చి గింజలు కూలిగా తీసుకునేవారు. ఈ చివరి అంశం మన చర్చకు కీలకం. గొర్రెల కాపరి వద్ద మంద నిండా మాంసం ఉన్నా, అతని చేతికి నిత్యం వచ్చేది గింజే. గొర్రె అతని మూలధనం. దాన్ని కోసి కుక్కను మేపే స్థితి ఏ కాపరికీ ఉండదు.

దీనికి పక్కనే వేట జీవనం కూడా ఉంది. ఏనుగు మల్లమ్మ కొండగా పేరొందిన హార్స్‌లీ కొండలు, తూర్పున శేషాచల పంక్తులు, దక్షిణాన కుప్పం అడవులు ఈ సీమను చుట్టి ఉన్నాయి. పుంగనూరు సమీపంలోని బోయకొండ పేరులోనే వేటను వృత్తిగా బతికిన జనసమూహపు గుర్తు ఉంది. కాబట్టి కలకడ సీమలో కుక్కకు మూడు కొలువులు ఉండేవి. ఇంటి కాపలా ఒకటి, మంద కాపలా రెండవది, వేట మూడవది. మొదటి రెండింటి నిత్యాహారం యజమాని ఇంటి గింజ కూడే. మూడవ కొలువులో దానికి వాటా అదనంగా చేరింది.

3. శాస్త్రగ్రంథాల సాక్ష్యం

కుక్క ఆహారానికి కొలత చెప్పిన ప్రాచీన భారతీయ గ్రంథాల్లో కౌటిలీయార్థశాస్త్రం ముఖ్యమైనది. కోష్ఠాగారాధ్యక్షుని విధులు చెప్పే సందర్భంలో అది ఏనుగులు, గుర్రాలు, ఎడ్లు మొదలుకొని హంసలు, నెమళ్ల వరకు పశుపక్ష్యాదుల గ్రాసాన్ని నిర్ణయిస్తుంది. అక్కడ కుక్కకు విధించిన పరిమాణం ఒక ప్రస్థం. పదార్థం ఓదనం, అంటే వండిన అన్నం. అదే అధ్యాయం ఆర్యుని భోజనానికి ఒక ప్రస్థం బియ్యాన్ని, దానికి తగిన పప్పును నిర్దేశిస్తుంది. మనిషికి బియ్యం కొలత, కుక్కకు అన్నం కొలత. ప్రస్థం బియ్యం వండితే ప్రస్థాన్ని మించిన అన్నం అవుతుంది. ఆ మేరకు వాటి మధ్య తేడా ఉన్నా, రెండూ ఒకే కోష్ఠాగారం నుండి వెలువడినవే. రాజ్యం కుక్కను వండిన గింజ తినే జీవిగా లెక్కించిందనడానికి ఇంతకంటె స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

ఇదే గ్రంథం కుక్కల సేవలను మరో రెండుచోట్ల ప్రస్తావిస్తుంది. దొంగల భయం, క్రూరమృగాల భయం లేకుండా వేటగాళ్లు, కుక్కలవాళ్లు శోధించిన అడవుల్లోనే మందలను మేపాలని గోఽధ్యక్ష ప్రకరణం చెబుతుంది. వివీతాధ్యక్ష ప్రకరణం వారిని అడవుల్లో సంచరించే కాపలాదారులుగా చూపుతుంది. అంటే కుక్క రాజ్యసేవలో ఉన్నది వేట, కాపలా అనే పనులకోసం. ఆ సేవలో వేట ఉన్నప్పటికీ, కోష్ఠాగారపు పట్టికలో దాని పేరిట మాంసం చేరలేదు.

స్మృతులు ఈ విషయాన్ని మరో కోణం నుండి చూశాయి. మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుడు వైశ్వదేవానంతరం నేలపై మెల్లగా ఉంచవలసిన బలిభాగంలో కుక్కలను పేర్కొంటుంది. ఆ అన్నం ఇంటివంటలోని భాగమే. అయితే అదే శ్లోకం కుక్కలను పతితులతో, శ్వపచులతో, పాపరోగులతో, కాకులతో, పురుగులతో ఒకే వరుసలో నిలిపింది. పదవ అధ్యాయం శ్వపచులకు కుక్కలు, గాడిదలే ధనమని విధించింది. కుక్కకు కూడు పెట్టే సంప్రదాయాన్ని కీర్తించేటప్పుడు, ఆ సంప్రదాయమే కొందరు మనుషులకు కుక్కతో సమానమైన చోటు చూపిందన్న వాస్తవాన్ని దాటవేయరాదు.

ఐదవ అధ్యాయంలోని మరో విధి పచ్చిమాంసం చర్చకు నేరుగా సంబంధించినది. కుక్కలు చంపిన మృగం మాంసం శుచి అని మనువు నిర్ణయించాడు. సాధారణంగా అశుచిగా భావించే కుక్కనోరు వేటలో మాత్రం శుచి అయింది. ధర్మశాస్త్రకారులు వేటను ప్రత్యేక సందర్భంగా విడదీయడం ఇక్కడ కనిపిస్తుంది. ఇంటి కుక్క, వేటకుక్క జాతిలో ఒకటే. సందర్భాన్నిబట్టి వాటికి వర్తించే నియమం మారుతుంది. ఆహారం విషయంలోనూ ఇదే విభజనను గమనించవచ్చు.

అశోకుని ఐదవ స్తంభశాసనం కూడా ఇక్కడ గమనార్హం. చంపరాని జీవుల జాబితా చెబుతూ, ఒక జీవిని మరొక జీవితో పోషించరాదని అది ఆదేశిస్తుంది. స్తంభశాసనాలు ఉత్తరదేశానికి చెందినవి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నవి శిలాశాసనాలు. కనుక ఈ ఆదేశం రాయలసీమలో అమలయిందని చెప్పలేము. కాని పెంపుడు జీవులకు మాంసం మేపడం ఒక నైతిక సమస్యగా క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే రాజ్యం దృష్టికి వచ్చిందని ఇది నిరూపిస్తుంది. ఆచారం లేనిచోట నిషేధం పుట్టదు. మాంసం మేపడం ఉండేది, అది ఆక్షేపణకూ గురయ్యేది.

4. శాసనాల్లో కుక్క: కోవివన్, కాళి

కుప్పానికి తూర్పున, ఆగ్నేయాన విస్తరించిన తమిళసీమలో, తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో ఒక వీరగల్లు ఉంది. పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనాసంవత్సరానికి చెందిన ఈ శిల పశువుల పోరులో మరణించిన వీరుని స్మారకం. వీరునితోపాటు కుక్కను కూడా చెక్కారు. కోవివన్ అనే పేరుగల ఆ కుక్క ఇద్దరు దొంగలను కరిచి నిలిచిందని శాసనం నమోదు చేసింది. ఇది మంద కాపలా కుక్క చరిత్ర.

వేటకుక్క చరిత్రకు ఆతకూరు శాసనం ప్రసిద్ధోదాహరణ. ఇది కర్ణాటకలోని మండ్య జిల్లాకు చెందినది. కలకడ వైదుంబులకూ దీనికీ కాలసంబంధం, రాజకీయసంబంధం ఉన్నాయి. చోళ పరాంతకుడు వైదుంబులను ఓడించిన తర్వాత ఆ వంశపు తిరువయన్ రాష్ట్రకూట మూడవ కృష్ణునికి సామంతుడయ్యాడు. తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు మరణించినది ఈ కృష్ణుని దండయాత్రలోనే. ఆ యుద్ధంలో పశ్చిమగాంగ రెండవ బూతుగుని పక్షాన పోరాడిన మణలేరుని పరాక్రమానికి మెచ్చి ప్రభువు వరం కోరుకొమ్మన్నాడు. అతడు కోరింది కాళి అనే వేటకుక్కను. శక 872, అంటే క్రీ.శ. 949–50 నాటి ఈ శాసనం ప్రకారం కాళిని ఒక అడవిపందిపై వదిలారు. రెండూ ఒకదాన్నొకటి చంపుకొని పడ్డాయి. ఆతకూరు చల్లేశ్వరాలయం ఎదుట కుక్కకు శిల నిలిపి భూమి ఇచ్చారు.

ఆహారచరిత్ర దృష్ట్యా ఈ శాసనంలో ఒక నిబంధన విశేషమైనది. ఆ భూమిని అనుభవించే గొరవడు శిలకు పూజ చేయకుండా భోజనం చేయరాదు. బతికి ఉన్నన్నాళ్లు మనిషి తిన్న తరువాత తినే కుక్క మరణానంతరం మనిషికంటె ముందు నైవేద్యం అందుకుంది. వేటలో పడిన కుక్కకు దక్కిన గౌరవం అది. కాళికి బతికుండగా ఏమి పెట్టారో శాసనం చెప్పదు. కాని వేటకుక్క విలువ ఎంతటిదో, దానికి కృతజ్ఞతగా ఇచ్చేది సాధారణ కూడుకు భిన్నంగా ఉండేదన్న భావన ఎంత బలమైనదో ఇది తెలియజేస్తుంది.

5. తెలుగు వాఙ్మయ సాక్ష్యం

తెలుగు మహాభారతం ఆరంభంలోనే కుక్కకూ ఆహారానికీ సంబంధించిన న్యాయవివాదం ఒకటి ఉంది. జనమేజయుని సత్రయాగశాలలోకి వచ్చిన సారమేయాన్ని అతని తమ్ములు కొట్టారు. హవిస్సును అది ముట్టలేదు, నాకలేదు. తల్లి సరమ వచ్చి నిరపరాధిని కొట్టిన రాజును నిలదీసింది. 11వ శతాబ్దంలో నన్నయ ఈ కథను తెలుగులోకి తెచ్చాడు. కుక్క ముట్టరాని ఆహారం ఒకటుందన్న నియమాన్ని ఈ కథ అంగీకరిస్తూనే, ముట్టని కుక్కకు న్యాయం కోరే హక్కు ఉందని చెబుతుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కను తిక్కన తెలుగు పాఠకునికి అందించాడు. భారతం తెలుగులో కుక్కతోనే మొదలై కుక్కతోనే ముగింపుకు చేరుతుందనడం అతిశయోక్తి కాదు.

వేటకుక్కల వర్ణనకు తెలుగు ప్రబంధం పెద్దపీట వేసింది. పెద్దన మనుచరిత్రలోని స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నని వేట ఇందుకు ఉదాహరణలు. తిన్నని కథ రాయలసీమ నేలకు చెందినది. రాజంపేట సమీపంలోని ఊటుకూరును అతని జన్మస్థలంగా ఇక్కడి సంప్రదాయం చెప్పుకుంటుంది. శేక్కిళారు పెరియపురాణంలోనూ ప్రసిద్ధమైన ఈ కథలో ఆ వేటగాడు స్వామికి మాంసం పెట్టేముందు నిప్పుపై కాల్చి, రుచి చూసి, మెత్తని ముక్కలు ఎంచి తెచ్చాడు. వేటగాళ్ల లోకంలోనూ పచ్చిదానికీ పక్వానికీ నడుమ గీత ఉందని ఈ కథ గుర్తుచేస్తుంది. నిప్పు తాకినది ఇంటికి, దేవునికి. తాకనిది వేటస్థలంలోనే కుక్కలకు. కన్నడదేశంలో చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసం వేటకుక్కల లక్షణాలకు, వినోదానికి ప్రత్యేక భాగాన్ని కేటాయించడం ఈ విద్యకు రాజాస్థానాల్లో ఉన్న ఆదరాన్ని తెలుపుతుంది.

భాష కూడా ఈ విభజనను దాచుకుంది. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో జాగిలం అంటే వేటకుక్క అన్న అర్థం నమోదైంది. కుక్క సామాన్యపదం, జాగిలం వృత్తిపదం. సామెతల్లో, శతకాల్లో కుక్క నీచోపమానం అయినంతగా జాగిలం కాలేదు. సామెతల కుక్క ఎంగిలి విస్తరి చుట్టూ తిరుగుతుంది, జాగిలం అడవిలో పరుగెత్తుతుంది. తిండి తేడాయే మాటల విలువలోని తేడాగా పరిణమించిందని భావించవచ్చు.

6. ఇతర దేశాల్లో ఇదే విభజన

కొలత కూడు, వేట వాటా అనే ఈ విభజన మన సీమకే పరిమితం కాదు. రోమన్ రచయిత వర్రో క్రీ.పూ. 37 నాటి వ్యవసాయగ్రంథంలో మందకుక్కకు పాలలో నానిన బార్లీరొట్టె పెట్టమన్నాడు. ఎముకల రసాన్ని, పగలగొట్టిన ఎముకలను కూడా ఇమ్మన్నాడు, అవి పళ్లను గట్టిపరుస్తాయని కారణం చెప్పాడు. చనిపోయిన గొర్రె మాంసాన్ని మాత్రం తిననివ్వరాదన్నాడు. ఆ రుచి మరిగిన కుక్క మందను కాయలేదని అతని భయం. క్రీ.శ. 1వ శతాబ్దపు కొలుమెల్ల కూడా బార్లీపిండి, మజ్జిగతేట వంటివే చెప్పాడు. గొర్రెల కాపరికి కుక్క పచ్చిమాంసాశ కలిగిన జీవి అని తెలుసు. తెలుసు కనుకనే దాన్ని గింజకు అలవాటు చేశాడు.

14వ శతాబ్దం చివర ఫ్రెంచి ప్రభువు గాస్టన్ ఫేబస్ రచించిన వేటగ్రంథంలో వేటకుక్కల నిత్యాహారం రొట్టె. వేట ముగిశాక, చంపిన జింక చర్మం పరచి, దానిపై రక్తంలో నానిన రొట్టెను, పేగులను కుక్కలకు వేయడం ఒక ఉత్సవంగా సాగేది. ఆ వాటా పోషణకోసం కాదు, శిక్షణకోసం. వేటకూ రుచికీ ముడి వేయడం దాని ప్రయోజనం. మాంసం సమృద్ధిగా ఉన్న ప్రభువుల ఇళ్లలోనూ పచ్చిమాంసం నిత్యాహారం కాలేదంటే, రాగి సంగటి తినే మెట్టసీమలో అది నిత్యాహారమయిందనుకోవడం చరిత్రకు పొసగదు.

7. జన్యుసాక్ష్యం

గ్రంథాలు, శాసనాలు చెప్పినదాన్ని జన్యుశాస్త్రం మరో దారిలో సమర్థించింది. ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో పిండిపదార్థాన్ని జీర్ణించుకునే ఎంజైముకు సంబంధించిన ఏఎంవై2బి జన్యువు ప్రతులు తోడేలులో రెండే ఉండగా కుక్కలో అనేకరెట్లు పెరిగినట్లు తేలింది. 2016లో ప్రాచీన కుక్కల ఎముకలపై జరిగిన పరిశోధన ఈ పెరుగుదల ఐరోపా తొలి వ్యవసాయ సమాజాల కాలానికే మొదలైనట్లు చూపింది. వ్యవసాయం లేని ఆస్ట్రేలియాలో నిలిచిన డింగో కుక్కలకు ఈ పెరుగుదల లేదు. కుక్క పొట్ట మనిషి పొలంతోపాటే మారిందని దీని తాత్పర్యం.

అయితే మాంసం పట్ల ఆశ పోలేదు. మహారాష్ట్రలోని నన్నజ్ ప్రాంతంలో ఊరకుక్కల ఆహారాన్ని పరిశీలించిన వానక్, గాంపర్ అది ప్రధానంగా మనుషుల నుండి దక్కేదేనని 2009లో నిరూపించారు. బెంగాల్ వీధికుక్కలపై కోల్‌కతా శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగాల్లో మాత్రం, అన్నం రొట్టెలతో బతికే ఆ కుక్కలే మాంసపు వాసన ఉన్నదాన్ని ముందుగా ఎంచుకున్నాయి. ఆశ తోడేలుది, అరుగుదల పొలానిది. పచ్చిమాంసవాదులు మొదటిదాన్ని సరిగానే గమనించారు. రెండవదాన్ని విస్మరించారు.

8. వేట నుండి కబేళాకు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అంతకు ముందే అడవులు కుంచించుకుపోవడంతో జాగిలం కొలువు బలహీనపడింది. వేట వాటా అంతరించినా పచ్చిదాని రాక ఆగలేదు. దాని మూలం మారింది. మాంసం అంగడి వెనుక, జాతర బలుల తర్వాత, పొలాల్లో చచ్చిన గొర్రె వద్ద కుక్కకు పచ్చిమాంసం దక్కుతోంది. బోయకొండ వంటి క్షేత్రాల్లో మొక్కుబళ్లు నేటికీ పెద్దసంఖ్యలో జరుగుతాయి.

ఈ మార్పులోని ప్రమాదాన్ని మన వంటింటి సంస్కృతితో కలిపి చూడాలి. రాయలసీమలో కోసిన గొర్రె అవయవాల్లో వృథా అయ్యేది చాలా తక్కువ. తలకాయ కూర, కాళ్ల పులుసు, బోటి, కార్జం, గుండెకాయ, మూలుగ, చివరికి నల్ల కూడా వంటకాలే. బాగున్నదంతా మనిషి కంచానికి చేరుతుంది. కుక్కకు విసిరేది మనిషి తిరస్కరించినది. నీటిబుడగల వంటి తిత్తులు పట్టిన కార్జం, ఊపిరితిత్తులు ఆ తిరస్కృతాల్లో ముఖ్యమైనవి. వేట వాటాలో కుక్కకు దక్కింది అడవిలో అప్పుడే కూలిన మృగం నుండి తీసిన భాగం. కబేళా వాటాలో దక్కేది ఏరి పారేసిన రోగభాగం.

ఆ తిత్తులు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు పిల్లదశ. వాటిని పచ్చిగా తిన్న కుక్క చిన్నపేగుల్లో పురుగులు కొన్ని వారాల్లో ఎదుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలం ద్వారా గడ్డిపై, నీటిలో, కుక్క వెంట్రుకలపై చేరతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే దాని కాలేయంలో మళ్లీ తిత్తి ఏర్పడుతుంది. ఆ గుడ్లు మనిషి నోటికి చేరితే మనిషి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో అదే తిత్తి సంవత్సరాలపాటు నిశ్శబ్దంగా పెరుగుతుంది. తరచు శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఎక్కువగా బలయ్యేది మందతో, కుక్కతో కలిసి బతికే కుటుంబాలు. భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువగా నివేదితమైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడులను వైద్యసాహిత్యం పేర్కొంటుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఈ వలయాన్ని ఛేదించిన చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దపు ఐస్‌లాండ్‌లో ఈ వ్యాధి విస్తృతంగా ఉండేది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె 1863లో అక్కడికి వెళ్లి పరిశోధించాడు. గొర్రెల తిత్తులను కుక్కలకు వేయవద్దని, కాల్చమని లేదా పాతిపెట్టమని ఐస్‌లాండ్ భాషలో చిన్న పుస్తకం రాయగా దాన్ని ఇంటింటికీ పంచారు. 1869లో కుక్కలకు సంబంధించిన శాసనం వచ్చింది. 20వ శతాబ్దంలో అక్కడి నుండి ఈ వ్యాధి దాదాపుగా తొలగిపోయింది. ఆనాడు సమర్థమైన మందు లేదు. ప్రజలకు అర్థమయ్యే భాషలో రాసిన పుస్తకం, కుక్కకు విసిరే అలవాటులో మార్పు, చట్టం, ఈ మూడింటి బలమే ఎక్కువగా పనిచేసింది. పచ్చి అవయవాలను అరగంటసేపు ఉడికిస్తే తిత్తుల్లోని క్రిమి నశిస్తుంది. కట్టెలపొయ్యి మీదనే సాధ్యమయ్యే ఈ పని కలకడ సీమకు ఖర్చుతో కూడినది కాదు.

పట్టణంలో జాతికుక్కను పెంచే ఇంటి ఆర్థికస్థితి వేరు. అక్కడ కొనేది తనిఖీ చేసిన మాంసమని పచ్చిమాంసవాదులు చెప్పవచ్చు. కాని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే సాల్మొనెల్లా వంటి క్రిముల వల్ల కుక్కకూ ఇంటివారికీ కలిగే ప్రమాదాన్ని చూపి పచ్చిమాంసాహారాన్ని నిరుత్సాహపరిచింది. వధ్యస్థలంలో పశువైద్య తనిఖీ సక్రమంగా జరగని చిన్నపట్టణాల్లో ఆ హెచ్చరికకు మరింత బలం చేకూరుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• భారతీయ, రోమన్, ఫ్రెంచి ఆధారాలన్నింటిలోనూ కుక్క నిత్యాహారం గింజతో చేసినదే. అర్థశాస్త్రం దాన్ని వండిన అన్నంగా కొలిచి చెప్పింది.

• పచ్చిమాంసం చరిత్రలో లేదనడం కూడా సరికాదు. అది వేట సందర్భానికి కట్టుబడిన వాటా. కూలివంటిది, బహుమానం వంటిది. స్మృతులు, శాసనాలు, కావ్యాలు ఈ సందర్భాన్ని ప్రత్యేకంగా చూశాయి.

• ఎముకకు ప్రత్యేక చరిత్ర ఉంది. వర్రో చెప్పినట్లు గింజ కూడుకు తోడుగా పంటిబలం కోసం ఇచ్చేవారు. ఎముకే ప్రధానాహారమన్న భావన ఆధునికమైనది.

• వేట పోయాక వాటా కబేళా వ్యర్థంగా మారింది. ఆ మార్పును గమనించకుండా పూర్వుల పేరిట పచ్చిమాంసాన్ని సమర్థించడం, లేని సందర్భానికి ఉన్న ప్రమాదాన్ని జోడించడమే.

వైదుంబుల నాటి కలకడలో కుక్కకు సరిగ్గా ఏమి పెట్టారో చెప్పే శాసనం దొరికితే ఈ చర్చ మరింత బలపడుతుంది. చిత్తూరు, అన్నమయ్య, కడప జిల్లాల వీరగల్లులపై కుక్కల శిల్పాలను మాత్రమే వేరుచేసి జాబితా తయారుచేయడం, గొల్ల కురుబ కుటుంబాల మౌఖికచరిత్రలో మందకుక్క పోషణను సేకరించడం పరిశోధకులు చేపట్టదగిన పనులు. ఆ కాపరుల జ్ఞాపకాల్లో ఉన్నది ఆహారచరిత్ర మాత్రమే కాదు. మంద, కుక్క, మనిషి ఒకే బీడులో ఆరోగ్యంగా బతికే పద్ధతి కూడా అందులో ఉంది. కాళికి గుడి ఎదుట నైవేద్యం పెట్టిన సమాజానికి, బతికున్న కుక్కకు రోగపు కార్జం విసరకుండా ఉండడం పెద్ద కష్టం కాదు.